పిండి కొద్దీ రొట్టె

చిరంజీవి బాబుకు,

పెదనాన్న ఆశీస్సులు. నీకు కాలేజీ ఫుట్‌బాల్ జట్టులో ఉద్యోగం వచ్చిందనీ, క్వార్టర్‌బ్యాక్‌లను వెతికే పని అప్పగించారనీ మీ నాన్న ఫోను చేసి చెప్పాడు. హైదరాబాదులో మనవాళ్లకు ఫుట్‌బాల్ అంటే కాలితో తన్నే ఆటే కదా, ఇక్కడి అమెరికన్ ఫుట్‌బాల్‌లో బంతిని చేత్తో విసిరి జట్టు దాడిని నడిపేవాణ్ని క్వార్టర్‌బ్యాక్ అంటారని మీ నాన్నమ్మకు వివరించడానికి చాలా అవస్థ పడ్డాడట. నేను ఇక్కడ టెక్సాస్‌లో హైస్కూలు పిల్లలకు లెక్కలు చెబుతూ, ఇరవై నాలుగేళ్లు శుక్రవారం రాత్రులన్నీ మైదానం పక్కనే గడిపినవాణ్ని. మొదట గజాల లెక్కలు రాయమని కూర్చోబెట్టారు, పోను పోను క్వార్టర్‌బ్యాక్‌లను నా చేతికే వదిలేశారు. అందుకే ఈ ఉత్తరం రాయకుండా ఉండలేకపోయాను.

మొదటి రోజే నీ ముందు ఒక జాబితా పెడతారు. పేరు, ఎత్తు, బరువు, పక్కన కుర్రాడి స్థాయిని చెప్పే నక్షత్రాలు. ఆ నక్షత్రాలను కొట్టిపారేయమని నేను చెప్పను, ఇచ్చేవాళ్లు కూడా ఆట చూసే ఇస్తారు. కానీ వాళ్లు మీ కోచ్‌ను దృష్టిలో పెట్టుకుని ఇవ్వరు. కుర్రాడు ఎంత గొప్పవాడన్నది వాళ్ల ప్రశ్న. నీ ప్రశ్న వేరు. నాలుగు అవకాశాల్లో పది గజాలు ముందుకు పోవాలి కదా, మూడో అవకాశం, అంటే మూడో డౌన్ వచ్చింది, ఇంకా ఏడు గజాలు కావాలి. అప్పుడు మీ కోచ్ ఇతని చేత ఏ పని చేయిస్తాడు? ఆ పని ఇతను చేస్తుండగా నువ్వు కళ్లారా చూశావా?

పిండి కొద్దీ రొట్టె అంటాం కదా, ఆ మాట పట్టించుకోని ఏడాది ఎలా ఉంటుందో 2008లో మిషిగన్ విశ్వవిద్యాలయం చూసింది. అక్కడ ర్యాన్ మాలెట్ అని ఆరడుగుల ఆరంగుళాల కుర్రాడు ఉండేవాడు. చేతిలో ఫిరంగి ఉన్నట్టు విసిరేవాడు, పరుగు అతని పని కాదు. పాత కోచ్ రిటైరయ్యాక రిచ్ రోడ్రిగెజ్ వచ్చాడు. ఆయన అఫెన్స్‌కు, అంటే దాడి పద్ధతికి, ప్రాణమే పరుగెత్తే క్వార్టర్‌బ్యాక్. మాలెట్ ఆర్కన్సాకు వెళ్లిపోయాడు. ఆ ఏడాది మిషిగన్ మూడు ఆటలు గెలిచి తొమ్మిది ఓడింది, ముప్ఫై మూడేళ్లుగా ఏటా సీజన్ చివర మంచి జట్లకు దక్కే బౌల్ ఆట ఆడుతూ వచ్చిన జట్టు ఇంట్లో కూర్చుంది. రోడ్రిగెజ్‌కు ఆట తెలియదని ఎవరూ అనలేరు. 2010లో డెనార్డ్ రాబిన్సన్ అదే అఫెన్స్‌లో, అదే కోచ్ కింద 1,702 గజాలు పరుగెత్తాడు, అప్పటికి క్వార్టర్‌బ్యాక్‌లలో అది రికార్డు. తనకు సరిపడే కుర్రాడు వచ్చేదాకా ఆ అఫెన్స్‌కు కాళ్లు రాలేదు, అంతే.

మాలెట్ కథలో నాకు మరీ ఇష్టమైన భాగం ఆర్కన్సాలో ఉంది. అక్కడి కోచ్ బాబీ పెట్రినో అతన్ని పరుగెత్తమని అడగలేదు. నిలబడి దూరంగా విసరమన్నాడు. రెండు సీజన్లూ 3,600 గజాలు దాటాయి. అదే పెట్రినో కొన్నేళ్ల తర్వాత లూయీవిల్‌లో లమార్ జాక్సన్‌ను తెచ్చుకున్నాడు. జాక్సన్ వేగం చూసి అతన్ని వేరే స్థానంలో ఆడించాలనుకున్న కాలేజీలు ఉన్నాయి. లూయీవిల్ మాత్రం క్వార్టర్‌బ్యాక్‌గానే ఆడిస్తామని మాట ఇచ్చింది, నిలబెట్టుకుంది. 2016లో అతను విసిరి 3,543 గజాలు, పరుగెత్తి 1,571 గజాలు సాధించి, ఏటా ఉత్తమ కాలేజీ ఆటగాడికి ఇచ్చే హైస్మన్ ట్రోఫీ గెలిచాడు. కదలని మాలెట్, చేతికి చిక్కని జాక్సన్, ఇద్దరికీ ఒకే కోచ్! ఆయన ఎత్తుగడల పుస్తకంలో ఏ పేజీలు తెరవాలో కుర్రాణ్ని బట్టి నిర్ణయించాడు. ఓక్లహోమాలో లింకన్ రైలీ కూడా 2017, 2018, 2019లలో బేకర్ మేఫీల్డ్, కైలర్ మర్రీ, జేలెన్ హర్ట్స్ అనే ముగ్గురు వేర్వేరు మనుషులతో ఇదే చేశాడు. మొదటి ఇద్దరికీ హైస్మన్, మూడో అతనికి ఓటింగులో రెండో స్థానం. ముగ్గురూ వేరే కాలేజీల నుంచి వచ్చినవాళ్లే.

కాబట్టి జాబితా ముట్టుకోకముందే మీ అఫెన్స్ కోఆర్డినేటర్ దగ్గర ఒక సాయంత్రం కూర్చో. ఇష్టమైన ఎత్తుగడలేమిటని అడిగితే నలభై చెబుతాడు. కుర్రాడు మారినా తాను వదులుకోలేనివి ఏవి అని అడుగు. ఐదారు మిగులుతాయి. అవి రాసుకో. నువ్వు వెతకాల్సింది వాటికే.

ఇక ఆట చూడడం గురించి. కుర్రాళ్లు పంపే మూడు నిమిషాల మెరుపుల వీడియోలతో మోసపోకు, వాటిలో ఓడిన బంతి ఒక్కటీ ఉండదు. పూర్తి ఆట తెప్పించుకో, అందులోనూ వాళ్లు ఓడిన ఆట. మీ జట్టు ఆర్‌పీఓ, అంటే పరుగో పాసో అప్పటికప్పుడు తేల్చుకునే ఎత్తుగడ, ఎక్కువగా ఆడుతుందనుకో. బంతి అందగానే క్వార్టర్‌బ్యాక్ దాన్ని పట్టుకుని పరుగెత్తే రన్నింగ్‌బ్యాక్ పొట్టకు ఆనిస్తాడు, కళ్లు మాత్రం ఎదుటి డిఫెన్స్‌లోని ఒక్క లైన్‌బ్యాకర్ మీదే ఉండాలి. ఆ లైన్‌బ్యాకర్ పరుగును ఆపడానికి ముందుకు అడుగు వేస్తే, అతను ఖాళీ చేసిన చోటికే బంతి వెళ్లాలి. వెనక్కి తగ్గితే బంతి రన్నింగ్‌బ్యాక్‌దే. అందరూ బంతిని చూస్తారు. నువ్వు వీడియో ఆపి, కుర్రాడి తల ఎటు తిరిగిందో చూడు. సరైన చోట చూసి తప్పుగా విసిరినవాడికి నేర్పవచ్చు. తప్పు చోట చూసి కూడా పాయింట్లు తెచ్చే టచ్‌డౌన్ కొట్టినవాడు పై స్థాయిలో నిన్ను ఏడిపిస్తాడు.

చేతి బలానికి ఒక కొలత చెబుతాను. మైదానం వెడల్పు 160 అడుగులు. హైస్కూల్లో హాష్ గీతలు, అంటే బంతిని ఎక్కడ పెట్టాలో చూపడానికి మైదానం పొడవునా గీసిన రెండు వరసలు, వెడల్పును మూడు సమాన భాగాలు చేస్తాయి, కాలేజీలో అవి కొంచెం దగ్గరగా, 40 అడుగుల ఎడంతో ఉంటాయి. అంటే ఒక వైపు గీత మీద నుంచి అవతలి అంచుకు విసిరే బంతి హైస్కూల్లోనే కాస్త ఎక్కువ దూరం పోవాలి. అక్కడ ఆ బంతిని సమయానికి చేర్చిన కుర్రాడి చేతి గురించి నీకు బెంగ అక్కర్లేదు. గాలిలో అరవై గజాలు విసరడం చూసి మురిసిపోకు, ఒక ఆటలో అలాంటి బంతులు ఎన్ని ఉంటాయో లెక్కపెట్టు.

నేను మురిసిపోయాను కాబట్టే చెబుతున్నాను. చాలా ఏళ్ల క్రితం మా దగ్గర ఒక పిల్లవాడు ఉండేవాడు, అరవై గజాలు అవలీలగా విసిరేవాడు. మేము ఎక్కువగా పరుగెత్తి, డిఫెన్స్ ముందుకు వచ్చాక ఒక్కసారి పరుగు నటించి దూరంగా విసిరేవాళ్లం. వాడికి ఎప్పుడూ కావలసినంత సమయం దొరికేది. ఒక కాలేజీ కోచ్ అడిగితే కళ్లు మూసుకుని తీసుకోండి అన్నాను. ఆ కాలేజీలో బంతి రెండున్నర సెకన్లలో చేతిలోంచి వెళ్లిపోవాలి, అప్పట్లో ఎత్తుగడ మైదానం అంచు నుంచి చేతి సైగలతో వచ్చేది. వాడు చూసి, ఆలోచించి, విసిరేలోపే మీద పడేవారు. రెండేళ్లు బెంచీ మీద కూర్చుని ఆట మానేశాడు. ఒక రాత్రి వాళ్లమ్మ నాకు ఫోను చేసి, "మా వాడు బంతి విసరడం మరిచిపోయాడా?" అని అడిగింది. ఏమీ మరిచిపోలేదమ్మా, వాణ్ని తప్పు చోటికి పంపింది నేనే అని చెప్పాను. ఆ ఫోను నాకు ఇప్పటికీ గుర్తొస్తూనే ఉంటుంది.

వీలైతే ప్రాక్టీసుకు వెళ్లు, ఆటకన్నా అక్కడే ఎక్కువ తెలుస్తుంది. ఒకసారి వాన తుంపరలో వరసగా రెండు స్నాప్‌లు జారిపోయాయి. తప్పు, బంతిని వెనక్కి క్వార్టర్‌బ్యాక్‌కు అందించే సెంటర్‌ది. కోచ్ అరుస్తున్నాడు. మా క్వార్టర్‌బ్యాక్ తన నడుముకు దోపుకున్న తువ్వాలు తీసి సెంటర్ చేతులు తుడిచాడు, బంతి తుడిచాడు, చెవిలో ఏదో అన్నాడు. ఆ పిల్లవాడు నవ్వాడు. మూడోది సరిగ్గా వచ్చింది. ఇలాంటిది ఏ వీడియోలోనూ దొరకదు.

కాలేజీ మారాలనుకునే ఆటగాళ్లు పేరు నమోదు చేసుకునే ట్రాన్స్‌ఫర్ పోర్టల్ 2018లో వచ్చింది. 2021 నుంచి మొదటిసారి కాలేజీ మారినవాడు ఏడాది ఖాళీగా కూర్చోనక్కర్లేదు, 2024లో, చదువు సరిగ్గా ఉంటే ఎన్నిసార్లు మారినా ఆడవచ్చన్నారు. 2025 నుంచి కాలేజీలే ఆటగాళ్లకు నేరుగా డబ్బు ఇస్తున్నాయి. దీనివల్ల ఇరవై రెండేళ్ల అనుభవజ్ఞుణ్ని తెచ్చుకోవడం తేలిక అయింది, మీ కోచ్ అటే మొగ్గవచ్చు. మొగ్గనీ. కానీ వేరే చోట విఫలమైనవాణ్ని వెంటనే తీసిపారేయకు. ఒహాయో స్టేట్‌లో అవకాశం దొరకక ఎల్‌ఎస్‌యూకు, అంటే లూయీజియానా స్టేట్ విశ్వవిద్యాలయానికి వచ్చిన క్వార్టర్‌బ్యాక్ జో బరో 2018లో 16 టచ్‌డౌన్ పాస్‌లే వేశాడు. మరుసటి ఏడాది జో బ్రేడీ అనే సహాయ కోచ్ వచ్చి, పాస్‌లు అందుకునే రిసీవర్లను మైదానమంతా పరిచి ఆడించే పద్ధతి తెచ్చాడు. రిసీవర్లు కూడా రాటుదేలారు. 2019లో 60 టచ్‌డౌన్ పాస్‌లు, పదిహేను ఆటలకు పదిహేను గెలుపులు, హైస్మన్. కుర్రాడు అదే, చేయి అదే.

చివరిగా, కుర్రాడి ఇంటికి వెళ్లినప్పుడు అరచేతిలో వైకుంఠం చూపించకు. మొదటి ఏడాదే ఆడతావని చెప్పకు. మీ దగ్గర ఇప్పటికే ఎందరు క్వార్టర్‌బ్యాక్‌లు ఉన్నారో, వాళ్లు ఏ ఏడాదిలో ఉన్నారో కాగితం మీద రాసి వాళ్లమ్మానాన్నల ముందు పెట్టు. కోఆర్డినేటర్ వెళ్లిపోతే ఏమవుతుందని వాళ్లు అడుగుతారు, అడగకపోతే నువ్వే చెప్పు. నిజం విని వెనక్కి తగ్గిన కుటుంబం నీకు అన్యాయం చేసినట్టు కాదు.

నీ మొదటి ఇద్దరు ముగ్గురి పూర్తి ఆటలు నాకు పంపు, మెరుపులు వద్దు. రాత్రి భోజనమయ్యాక ఇద్దరం ఫోనులో మాట్లాడుకుంటూ కలిసి చూద్దాం. మీ పెద్దమ్మ నిన్ను వేళకు తినమంటోంది.

ఇట్లు,
మీ పెదనాన్న