26 ఏళ్లకు బ్యాంకులో 80 వేలే ఉంటే వెనకబడినట్టా?

చదివేవాళ్లందరికీ తెలియాలి కాబట్టి మీరు ఇచ్చిన లెక్కను ముందు ఇక్కడ రాస్తాను. మీ వయసు 26. హైదరాబాద్‌లో ఉద్యోగంలో చేరి నాలుగేళ్లయింది. చేతికి 34,000 వస్తుంది. హాస్టల్‌కు తిండితో కలిపి 8,000, ఊళ్లో అమ్మానాన్నలకు 8,000, ఎడ్యుకేషన్ లోన్ ఈఎంఐ 5,200, బస్సు, ఫోను, మందులు, బట్టలు అన్నీ కలిపి మరో 5,000 అవుతాయి. బ్యాంకులో ఉన్నది 80,000. ముప్ఫై ఏళ్లొచ్చేసరికి ఏడాది జీతమంత డబ్బు ఉండాలంటున్నారని, మీతో చదివినవాళ్లు అప్పుడే ప్లాటు కూడా కొన్నారని, మీరు వెనకబడిపోయారా అని అడిగారు.

వెనకబడలేదు. ధైర్యం చెప్పడానికి అంటున్న మాట కాదిది, మీ అంకెలు చూసే చెబుతున్నాను.

ఆ "ఏడాది జీతం" లెక్క అమెరికాలోని ఫిడెలిటీ అనే పెట్టుబడుల సంస్థ చెప్పేది. 30 ఏళ్లకు ఏడాది జీతమంత, 40కి దానికి మూడు రెట్లు, 67కి పది రెట్లు ఉండాలంటారు. అది రిటైర్మెంట్ కోసం వేసిన లెక్క. డాలస్‌లో ఉండే మా పిన్ని కొడుకు తన 401కె అనే రిటైర్మెంట్ పొదుపు ఖాతాను దానితోనే పోల్చి చూసుకుంటాడు, అతనికి అది సరిపోతుంది. కానీ అందులో ప్రతి నెలా ఒకటో తారీఖున ఊరికి పంపే 8,000కు చోటు లేదు. తమ్ముడి ఫీజు, చెల్లెలి పెళ్లి, నాన్న పంటకు పెట్టుబడి కూడా ఉండవు. ఫీజు రీయింబర్స్‌మెంట్‌తో చదివి అప్పు లేకుండా ఉద్యోగంలో చేరిన కుర్రాడికీ, నాలుగు లక్షల లోన్ నెత్తిన పెట్టుకుని మొదలైన మీకూ ఒకే అంకె ఎలా కుదురుతుంది? ఇప్పటిదాకా మీరు కట్టిన ఈఎంఐలు కూడా మీ కష్టార్జితమే, బ్యాంకు బ్యాలెన్సులో కనబడవంతే.

నేను చూసుకునే కొలత వేరు. రేపటి నుంచి జీతం రాకపోతే మన ఇల్లు ఎన్ని నెలలు నడుస్తుంది? ఇల్లు అంటే హైదరాబాద్‌లో మన గది, ఊళ్లో అమ్మానాన్నల ఇల్లు, రెండూ.

ఈ కొలత నాకు 2020లో అర్థమైంది. అప్పుడు నేను పెళ్లిళ్లకు డెకరేషన్, ఎగ్జిబిషన్లకు స్టాళ్లు వేసే ఒక చిన్న కంపెనీలో అకౌంట్స్ చూసేవాణ్ణి. మార్చి 25, ఉగాది రోజునే లాక్‌డౌన్ మొదలైంది. వేసవి ముహూర్తాలన్నీ రద్దయ్యాయి, కట్టిన అడ్వాన్సులు వెనక్కి ఇమ్మని పార్టీలు ఫోన్ల మీద ఫోన్లు. ఏప్రిల్‌లో సగం జీతం వేశారు. మే నుంచి అదీ లేదు. మా యజమాని చెడ్డవాడేం కాదు, ఆయన దగ్గరే లేదు.

అలాంటప్పుడు ఖర్చు తగ్గించుకోవచ్చులే అనుకుంటాం. తగ్గేది పెట్రోలు, బయటి తిండి, సినిమా. అద్దె తగ్గదు. అమ్మ బీపీ మాత్రలు తగ్గవు. నాన్న బంగారం మీద తెచ్చిన పంట అప్పుకు వడ్డీ ఆగదు. ఆర్‌బీఐ ఆరు నెలల పాటు ఈఎంఐలు వాయిదా వేసుకోవచ్చంది, నిజమే, కానీ వడ్డీ మాత్రం పెరుగుతూనే పోయింది. నా దగ్గర అప్పటికి ఐదు నెలల ఖర్చుకు సరిపడా డబ్బు బ్యాంకులో ఉంది. అది నాకు ఒక పెద్ద మేలు చేసింది. జూన్‌లో ఒకచోట ఉద్యోగం ఇస్తామన్నారు, పాత జీతంలో సగానికి. వద్దని చెప్పి ఆగగలిగాను. దసరాకు ముందు మందుల హోల్‌సేల్ వ్యాపారం చేసేవాళ్ల దగ్గర నాకు తగ్గ ఉద్యోగం దొరికింది. ఒక్క నెల ఖర్చే చేతిలో ఉండి ఉంటే ఆ సగం జీతానికి చేరిపోయేవాణ్ణి, అక్కడి నుంచి మళ్లీ పైకి రావడానికి ఏళ్లు పట్టేది.

అదే కంపెనీలో సేల్స్ చూసే అన్న ఒకాయన ఉండేవారు. కాగితం మీద ఆయన ఆస్తి నాకు మూడింతలు. కానీ డబ్బంతా యాదగిరిగుట్ట వైపు ఒక వెంచర్‌లో ప్లాటు మీద ఉంది. అమ్ముదామంటే కొనేవాడు లేడు. ఆగస్టు చివర్లో తెలంగాణ ప్రభుత్వం అనుమతి లేని లేఅవుట్లలో రిజిస్ట్రేషన్లు ఆపేసింది. సెప్టెంబరులో ధరణి అనే భూరికార్డుల పోర్టల్ ఏర్పాట్ల కోసం మొత్తం రిజిస్ట్రేషన్లే నిలిపేశారు, ప్లాట్లూ ఇళ్లూ వంటి వ్యవసాయేతర ఆస్తులకు మళ్లీ మొదలైంది డిసెంబరులో. ఈలోపు ఆయన మూడు రూపాయల వడ్డీకి లక్ష తెచ్చారు. నూటికి నెలకు మూడు రూపాయలంటే ఏడాదికి 36 శాతం. అసలు అలాగే ఉండగా నెలనెలా 3,000 వడ్డీకే పోయేది. భార్యతో మాట్లాడాలన్నా మేడ మీదికి వెళ్లి మాట్లాడేవారు, పిల్లలు వినకూడదని. ప్లాటు మంచిదే, ఈరోజుకీ ఆయన దగ్గరే ఉంది. కానీ అవసరం వచ్చిన నెలలో అది రూపాయి ఇవ్వలేదు.

ఇప్పుడు మీ లెక్కకు వద్దాం. మీకు నెలకు తప్పనిసరి ఖర్చు 26,200. జీతం ఆగినా ఆరు నెలలు నడవాలంటే 1,57,200 కావాలి. మీ దగ్గర 80,000 ఉన్నాయి, అంటే ఇప్పటికే మూడు నెలలు దాటింది. మిగతా 77,200 చేర్చాలి. నెలకు 7,800 మిగులుతోంది కాబట్టి 6,000 పక్కన పెట్టి 1,800 పండక్కి ఊరెళ్లడానికి, స్నేహితుల పెళ్లిళ్లకు ఉంచుకోండి. ఆ 1,800 కూడా దాచేయాలని చూడొద్దు, అలా మొదలుపెట్టినవాళ్లు మూడో నెలకే విసిగి మానేయడం చూశాను. 6,000 చొప్పున పదమూడు నెలల్లో మీ ఆరు నెలల డబ్బు పూర్తవుతుంది. అప్పటికి మీకు 27. అదే 6,000 ముప్ఫై వచ్చేదాకా వేస్తూ పోతే జీతం పైసా పెరగకపోయినా, వడ్డీ కలపకపోయినా మూడున్నర లక్షలు దాటుతుంది.

మీరు పీఎఫ్ ఊసే ఎత్తలేదు. ఈ వయసువాళ్లు చాలామంది దాన్ని లెక్కలోకే తీసుకోరు. మీ బేసిక్ 18,000 అనుకుందాం. అందులో 12 శాతం, 2,160 మీ జీతంలోంచి కోస్తారు. కంపెనీ కూడా అంతే వేస్తుంది, అందులో 1,250 పెన్షన్ పథకానికి వెళ్లి మిగతా 910 మీ పీఎఫ్‌లో పడుతుంది. వెరసి నెలకు 3,070, ఏడాదికి 36,840. (కొన్ని కంపెనీలు బేసిక్ ఎంతున్నా 15,000 మీదే లెక్కగట్టి 1,800 చొప్పునే కడతాయి, పే స్లిప్ చూసుకోండి.) 2024-25కి వడ్డీ 8.25 శాతం ఇచ్చారు. రాబోయే నాలుగేళ్లలోనే ఇది వడ్డీ కలపకుండానే దాదాపు లక్షన్నర అవుతుంది, గత నాలుగేళ్లది వేరే. అంటే ముప్ఫై వచ్చేసరికి ఇప్పటి మీ ఏడాది జీతం 4,08,000ను మీరు మామూలుగానే దాటేస్తారు. ఉద్యోగం మారినప్పుడు పీఎఫ్ తీసేసుకోకుండా కొత్త కంపెనీకి మార్పించుకోండి. ఐదేళ్ల సర్వీసు నిండకుండా తీస్తే పన్ను కూడా పడుతుంది.

ప్రభుత్వ ఉమంగ్ యాప్‌లో పీఎఫ్ పాస్‌బుక్ మాత్రం తప్పకుండా తెరిచి చూడండి. ఒక్కో నెలకు ఒక్కో వరుస, అందులో ఉద్యోగి వాటా, యజమాని వాటా, పెన్షన్ వాటా విడివిడిగా ఉంటాయి. ఏ నెల డబ్బయినా తర్వాతి నెల 15లోగా కంపెనీ కట్టాలి. నా రూమ్మేట్‌కు పే స్లిప్‌లో పీఎఫ్ కోత కనిపిస్తోంది, పాస్‌బుక్‌లో మాత్రం జులై తర్వాత వరుసలే లేవు. అతను పీఎఫ్ సంస్థ ఈపీఎఫ్‌వో పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టి, పే స్లిప్పులు జతచేసి, వెంటపడి కట్టించుకున్నాడు. అప్పుడప్పుడూ చూసుకుంటే ఒకటి రెండు నెలల్లోనే బయటపడుతుంది, చూడకపోతే కంపెనీ మూతపడ్డాక తెలుస్తుంది.

ఆరు నెలల డబ్బు ఎక్కడ పెట్టాలన్నది కూడా ముఖ్యమే. ఒక నెల ఖర్చు సేవింగ్స్‌లో ఉంచి, మిగతాది 25,000 చొప్పున ముక్కలు చేసి ఎఫ్‌డీలు వేయండి. 20,000 అవసరమైతే ఒక్క ఎఫ్‌డీనే తీస్తారు, మిగతావాటి వడ్డీ చెడదు. ఒక బ్యాంకులో ఒకరి డబ్బుకు అసలు, వడ్డీ కలిపి 5 లక్షల వరకు డిపాజిట్ బీమా ఉంటుంది కాబట్టి ఆ విషయంలో టెన్షన్ లేదు. పోస్టాఫీసు ఆర్‌డీ మంచిదే, కానీ ఈ అవసరానికి పనికిరాదు. ఐదేళ్ల పథకం అది, మూడేళ్లు నిండకుండా మూసేయనివ్వరు. చీటీ కూడా అంతే. రిజిస్టరైన చీటీ అయితే పొదుపుకు బాగానే ఉంటుంది, కానీ మొదటి నెలల్లో అవసరం పడి పాడుకుంటే బాగా తగ్గించి పాడాలి, చేతికొచ్చేది తక్కువ. ఇక కాలనీలో నోటిమాట మీద నడిచే చీటీలో ఈ డబ్బు ఒక్క రూపాయి కూడా వేయొద్దు. పాడినవాళ్లు కట్టకపోతే అడగడానికి మీ చేతిలో కాగితం ఉండదు.

ఆఫీసువాళ్లు ఇచ్చే హెల్త్ ఇన్సూరెన్స్ ఉద్యోగంతోనే పోతుంది. అందుకే సొంతంగా ఒక పాలసీ తీసుకోండి, 26 ఏళ్లకు ప్రీమియం తక్కువే. అమ్మానాన్నలకు ఆరోగ్యశ్రీ వర్తిస్తుందో లేదో ఈసారి ఊరెళ్లినప్పుడు కనుక్కోండి.

ప్లాటు సంగతి ఈ 1,57,200 పూర్తయ్యాకే ఆలోచించండి. స్నేహితుడు కొన్నాడు సరే, అతను ఇంటికి ఎంత పంపుతున్నాడో, అడ్వాన్సు వాళ్ల నాన్న కట్టాడో అతనే కట్టాడో మీకు తెలుసా?

చివరిగా, ఈ డబ్బు గురించి ఇంట్లో ముందే మాట్లాడుకోండి. అబ్బాయి బ్యాంకులో లక్షన్నర ఉందని బంధువుల్లో తెలిస్తే చేబదులు అడిగేవాళ్లు వస్తారు, నాన్న మొహమాటానికి సరేననేస్తారు. మా నాన్నకు నేను అంకె చెప్పలేదు, నెలలు చెప్పాను: "నాకు జీతం ఆగినా నీకు ఆరు నెలలు డబ్బు వస్తుంది, దాని కోసమే ఇది." ఆ తర్వాత మా మావయ్య ట్రాక్టరు కోసం అడిగినప్పుడు నాన్నే కాదని చెప్పారు. బంధువులకు సాయం చేయాలనిపిస్తే ఆ 1,800లోంచి చేతనైనంత ఇవ్వండి, తిరిగి రాకపోయినా బాధపడనంత. జీతం పడిన మర్నాడే 6,000 బ్యాంకు ఆర్‌డీకో వేరే ఖాతాకో దానంతటదే వెళ్లేలా బ్యాంకు యాప్‌లో పెట్టేయండి. లోన్ ఎప్పటికి తీరుతుందో రాస్తే, ఆ తర్వాత మిగిలే 5,200 ఎలా వాడుకోవాలో కూడా కలిసి లెక్క వేద్దాం.