ఆ ఎంబీఏలో నీతి నేర్పుతారో లేదో ఎలా తెలుస్తుంది?

ప్రశ్న: మాది రొయ్యల వ్యాపారం. బీకాం అయిన మా అబ్బాయి ఎంబీఏ చేస్తానంటున్నాడు. ఏ ప్రాస్పెక్టస్ చూసినా ‘విలువలున్న అంతర్జాతీయ మేనేజర్లను తయారుచేస్తాం’ అనే ఉంది. ఒకదాని మీద ఐక్యరాజ్యసమితి పేరు కూడా వేశారు. నిజంగా నేర్పే కాలేజీని ఎలా పోల్చుకోవాలి?
– ఒక పాఠకుడు, కావలి

జవాబు: ఐక్యరాజ్యసమితి పేరుంటే అది బహుశా ‘ప్రైమ్’ అయివుంటుంది. బాధ్యతగల మేనేజ్‌మెంట్ చదువు కోసం 2007లో మొదలైన ఏర్పాటు అది. చేరిన కాలేజీ తాను చేసిన పని మీద నివేదిక ఇస్తుండాలి. ఆ నివేదిక అడిగి చదవండి. అయితే బిజినెస్ స్కూళ్లకు అంతర్జాతీయంగా ఇచ్చే ఏఏసీఎస్‌బీ, ఈక్విస్‌లలా బయటివాళ్లు వచ్చి పరిశీలించి ఇచ్చే గుర్తింపు కాదది.

అసలు చూడాల్సింది సిలబస్. ‘బిజినెస్ ఎథిక్స్’ అని ఒక్క పేపర్ పెట్టి వదిలేస్తే పిల్లలు నిర్వచనాలు బట్టీ పట్టి గట్టెక్కుతారు. ఉద్యోగంలో తప్పు ఆ పేరు పెట్టుకుని రాదు. కొనుగోలులోనో, ఖాతాల్లోనో, ఎగుమతిలోనో ఎదురవుతుంది. మీ పనే చూడండి. యూరప్ ఆర్డర్‌కి సరుకు చాల్లేదు. ఏజెంటు ఇంకో చెరువు రొయ్య తెచ్చాడు, దానికి పట్టుబడికి ముందు చేయించాల్సిన యాంటీబయాటిక్ పరీక్ష కాగితం లేదు. ఓడ తేదీ ముంచుకొస్తోంది. నైట్రోఫ్యూరాన్, క్లోరాంఫెనికాల్ అనే నిషేధిత యాంటీబయాటిక్‌ల ఆనవాళ్లు బయటపడితే అక్కడ సరుకు దించుకోరు. 2016లో మన పెంపకపు రొయ్యల సరుకుల్లో తనిఖీ చేసే వాటాను యూరప్ 10 శాతం నుంచి 50 శాతానికి పెంచింది కూడా. ఒకసారి కలిపేశాక ఏ పెట్టె ఏ చెరువుదో ఎవరూ చెప్పలేరు, మంచి సరుకూ దాంతోపాటే పోతుంది. కంటైనర్ ఆపితే ఎంత నష్టం, కొనుగోలుదారుకి ఏమని రాయాలి, పత్రాల మీద సంతకం ఎవరిది? ఇలాంటివి లెక్కలు కట్టించి, మార్కులు వేసి నేర్పే కాలేజీ అయితే చేర్పించండి.

నిరుటి ప్రశ్నపత్రాలూ అడగండి. రేవులో ఫైలు కదలడానికి చెయ్యి తడపడం గురించి ప్రశ్న ఉందా? రోజువారీ పని త్వరగా అయ్యేందుకు ఇచ్చే చిన్న మొత్తాలను విదేశీ అధికారులకు లంచాలపై అమెరికా చేసిన 1977 చట్టం మినహాయించింది, బ్రిటన్ 2010 లంచాల చట్టం మినహాయించలేదు. మన అవినీతి నిరోధక చట్టంలో 2018 సవరణతో లంచం ఇవ్వడమూ నేరమే. బలవంతాన ఇవ్వాల్సివస్తే 7 రోజుల్లోగా ఫిర్యాదు చేయాలి. విదేశాలతో వ్యాపారం చేసేవాడికి ఈ తేడాలు నోటికి రావాలి.

ఒంగోలు, నెల్లూరు కాలేజీలకు ఐసెట్ రాయాలి. ఐఐఎంలకు నవంబరు చివర్లో క్యాట్, ఆ స్కోరు ఒక్క ఏడాదికే. విదేశాలకు జీమ్యాట్ స్కోరు 5 ఏళ్లు చెల్లుతుంది కాబట్టి తొందర లేదు. ఈలోగా రెండేళ్లు ప్లాంటులో గ్రేడింగ్ బల్ల దగ్గరా, ల్యాబ్‌లోనూ పనిచేయనివ్వండి. విదేశీ కాలేజీలు చాలావరకు పని అనుభవం అడుగుతాయి, క్లాసులో పైన చెప్పిన కంటైనర్ లెక్క వచ్చినప్పుడు మీవాడికి చెప్పడానికి సొంత మాట ఉంటుంది.