పడవ కొట్టుకుపోతే మన దగ్గర ఏం మిగలాలి?

కడప నుంచి నలుగురం లద్దాఖ్‌లోని జంస్కార్ నదిలో కయాకింగ్‌కు (తెడ్డుతో నడిపే సన్నటి పడవ, కయాక్‌లో) వెళ్తున్నాం, మధ్యలో ఒకరి పడవ పోతే ఎలా అని అడిగారు. నా పడవ పోయింది మా తుంగభద్రలోనే.

మాది కర్నూలు. మూడేళ్ల కిందట అక్టోబరులో ఇద్దరం సుంకేసుల బ్యారేజీ దిగువన నీళ్లలోకి దిగాం. గేట్ల నుంచి వదిలిన నీరు బండల మధ్య నురగలు కక్కుతోంది. నా కయాక్ ఒక బండకు అడ్డంగా తగిలి తిరగబడింది. నేను ఒడ్డెక్కేసరికి మలుపు దాటిపోయింది. ఫోను, మంచినీళ్లు, డబ్బులు, ఆఖరికి బూట్లు కూడా నీళ్లు చొరబడని సంచిలో పెట్టి, దాన్ని పడవకే కట్టాను. స్నేహితుడు అవతలి ఒడ్డున ఉండిపోయాడు. ఎంత అరిచినా నీటి హోరులో వినపడలేదు. సర్కారు తుమ్మల మధ్య వట్టి కాళ్లతో దాదాపు రెండు గంటలు నడిచాను. మడమలో విరిగిన ముల్లు వారం దాకా సలిపింది.

మర్నాడు కింది ఊళ్లో చేపలు పట్టే పెద్దాయన ఒకరు నా పడవను ఒడ్డుకు లాగి ఉంచారని తెలిసి వెళ్లాను. జరిగింది విని, ఆయన తలగుడ్డ విప్పి చూపించారు. ప్లాస్టిక్ కవర్లో మడిచిన నోట్లు, అగ్గిపెట్టె, చిన్న ఫోను. "పుట్టి పోతే పోతాది నాయనా, ఇది తలకాయతోనే ఉంటాది" అన్నారు.

ఇప్పుడు నా లైఫ్ జాకెట్ జేబులే నా తలగుడ్డ. విజిల్, చిన్న కత్తి, లైటరు, చలికి కప్పుకునే రేకు దుప్పటి, నాలుగు చిక్కీలు, వాటర్‌ప్రూఫ్ కవర్లో ఫోను. బూట్లు కాళ్లకే ఉంటాయి.

జంస్కార్‌ది మంచు కరిగిన నీరు, నిమిషాల్లో చేతులు కొంకర్లు పోతాయి. కాబట్టి పడవ కోసం ఈదకండి. నీళ్లు నిండిన కయాక్ రెండు మూడు వందల కిలోలు తూగుతుంది. దానికీ బండకీ మధ్య చిక్కకుండా ఎప్పుడూ దానికి ఎగువనే ఉండండి. వెల్లకిలా పడుకుని, పాదాలు నీరు పోయే దిగువ వైపు ఉంచి, పైకెత్తి తేలండి. ఉరవడిలో నిలబడబోతే పాదం రాళ్ల సందులో ఇరుక్కుంటుంది, అదే అన్నిటికంటే ప్రమాదం.

మీవి నాలుగూ ఒంటి మనిషి కయాక్‌లైతే, పడవ పోయినవాళ్లను ఎక్కించుకునే చోటే లేదు. అందుకే వెంట రాఫ్ట్ (గాలి నింపిన పెద్ద రబ్బరు పడవ) ఉన్న బృందంతోనే వెళ్లండి, ఈ ఒక్క మాట మాత్రం వినండి. తిండి, మందులు ఒకే పడవలో పెట్టకండి. అక్కడి నిమ్మూ ఊరి నుంచి పదుం ఊరి వైపు రోడ్డు పడింది గానీ, గోడలా నిలువుగా ఉన్న లోయలో నది నుంచి దాన్ని అందుకోవడం తేలిక కాదు. ఏ రోజు ఎక్కడ పైకెక్కగలరో ముందే మ్యాపులో గుర్తుపెట్టుకోండి.

శాటిలైట్ ఫోన్లు, శాటిలైట్ ద్వారా మెసేజ్‌లు పంపే పరికరాలు టెలికాం శాఖ అనుమతి లేకుండా వాడకూడదు. విదేశాల నుంచి ఎవరో తెచ్చిచ్చారని పట్టుకెళ్తే కేసవుతుంది. ఫలానా రోజు సాయంత్రానికి ఫోను రాకపోతే 112కు చెప్పమని ఇంట్లో రాసిచ్చి వెళ్లండి.

బయల్దేరే ముందు మైలవరం జలాశయంలో, అనుమతి ఉన్న చోట, కావాలనే పడవ బోల్తా కొట్టించి, ఒంటి మీదున్నవాటితో ఒడ్డెక్కి చూడండి. నేనలా చేసినప్పుడు లైటరు తడిసి వెలగలేదు. అప్పటి నుంచి రెండు కవర్లలో చుట్టి పెట్టుకుంటున్నాను.