డబ్బాను తిట్టకు, డబ్బాలోంచి తాగకు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. మ్యూనిక్‌లో గది దొరికిందని, క్లాసులు మొదలయ్యాయని నాలుగు ముక్కల్లో తేల్చేసి, మిగతా రెండు పేజీలూ బీరు గొడవతో నింపావు. నువ్వు డబ్బా తెరవగానే నీ గదిలో ఉండే జర్మన్ కుర్రాడు ముఖం చిట్లించి, డబ్బాలో తాగేవాడికి బీరు రుచి తెలియదన్నాడట. బీరు బీరే, సీసా అయితేనేం, డబ్బా అయితేనేం అని నువ్వు వాదించావట. ఇద్దరిదీ సగం తప్పే. 28 ఏళ్లుగా ఈ జర్మనీలో ఉంటున్నవాడిని కనుక నాకు తెలిసింది రాస్తాను. ఇది మీ అమ్మ చదివినా ఫరవాలేదు. కొత్తలో నేను ఇక్కడ ఏం వెలగబెట్టానో నా చెల్లెలికి అంతా తెలుసు.

ముందు రుచి సంగతి. డబ్బా బీరుకు లోహపు వాసన వస్తుందని చాలామంది అంటారు. డబ్బా లోపలంతా సన్నని పూత ఉంటుంది, బీరు అల్యూమినియానికి తగలదు. తగిలేది నీ పెదవి. ముక్కు కూడా ఆ మూత దగ్గరే ఉంటుంది కాబట్టి నువ్వు వాసన చూసేది డబ్బాను. కొన్నేళ్ల క్రితం మా ఇంట్లో ఒక పరీక్ష పెట్టాను. ఒకే కంపెనీ పిల్స్‌ను, అంటే కాస్త చేదుగా ఉండే లేతరంగు బీరును, సీసాలోంచి, డబ్బాలోంచి ఒకేలాంటి గ్లాసుల్లో పోసి నలుగురు మిత్రుల ముందు పెట్టాను. ఇద్దరు డబ్బాలోదాన్ని సీసా బీరని ఢంకా బజాయించి చెప్పారు. రెండో విడత వాళ్లు పోసి నాకిచ్చారు. నేనూ తప్పే చెప్పాను. అప్పటినుంచి ఈ విషయంలో నా గొంతు కాస్త తగ్గింది.

బీరును నిజంగా పాడుచేసేది వెలుతురు. హాప్స్ అనే తీగ పూలు ఇచ్చే చేదుకు ఎండ తగిలితే గంధకం కలిసిన ఒక పదార్థం పుట్టి, మొదటి గుక్కకే ముక్కు మూసుకోవాల్సిన కంపు వస్తుంది. గోధుమరంగు గాజు ఆ వెలుతురును చాలావరకు ఆపుతుంది, ఆకుపచ్చ గాజు అంతగా ఆపదు. నేను వచ్చిన తొలి వేసవిలో ఆకుపచ్చ సీసాల పెట్టెను బాల్కనీలో ఎండకు వదిలేసి, వారం తర్వాత తాగి, చేసినవాళ్లను తిట్టుకున్నాను. డబ్బాలోకి వెలుతురు బొత్తిగా పోదు. ఈ లెక్కన డబ్బాదే పైచేయి అని నీ మిత్రుడికి చెప్పు.

చెప్పాక గ్లాసు తెచ్చుకుని అందులో పోసుకో. మన ఇళ్లలోలాగా గ్లాసును పప్పుగిన్నెతో కలిపి తోమితే అంచున జిడ్డు మిగులుతుంది, జిడ్డు తగిలితే నురుగు నిలవదు. విడిగా కడిగి, పోసేముందు చన్నీళ్లతో ఒకసారి తొలిచి తీసుకో. మనవాళ్లు నురుగు లేకుండా పోయడమే పనితనం అనుకుంటారు. ఇక్కడ నురుగు లేని గ్లాసు ఇస్తే వెనక్కి పంపుతారు. ఇంకో మాట, పళ్లు జివ్వుమనేంత చల్లగా తాగకు. పిల్స్, హెల్లెస్ లాంటి లేతరంగు బీర్లు 7 డిగ్రీల దగ్గర బాగుంటాయి. బాక్ లాంటి బరువైనవి ఇంకొంచెం వెచ్చగా ఉన్నా మంచిదే. గడ్డకట్టే చలిలో నాలుకకు ఏదీ తెలియదు.

రుచిలో తేడా లేకపోతే ఆ కుర్రాడు ముఖం ఎందుకు చిట్లించాడు? ఆ చిరాకుకు వెనక కథ ఉంది. 1991లో వచ్చిన ప్యాకేజింగ్ నిబంధనల్లో ఒక మెలిక పెట్టారు. పానీయాల్లో తిరిగి నింపే సీసాల వాటా 72 శాతానికి దిగువకు పడితే, వాడి పారేసే వాటికి డిపాజిట్ వసూలు చేయాలి. వాటా పడిపోయింది. కోర్టుల్లో ఎంత పోరాడినా ఆగలేదు, 2003 జనవరి 1 నుంచి డబ్బాకు 25 సెంట్ల డిపాజిట్ వచ్చింది. ఇక్కడ దాన్ని ఫాండ్ అంటారు. పెద్ద దుకాణాలు రాత్రికి రాత్రి డబ్బాలను అరల్లోంచి దించేశాయి. కొన్నచోటే తిరిగి ఇవ్వాలి, చీటీ చూపించాలి. ఆ రోజుల్లో నా కోటు జేబుల నిండా చీటీలే. 2006 మే నుంచి ఎక్కడ కొన్నది ఎక్కడైనా ఇవ్వగలిగాం. డబ్బా మెల్లగా తిరిగొచ్చింది కానీ, పారేసే సరుకు అన్న ముద్ర ఇంకా పోలేదు.

సీసా మర్యాద వేరు. మామూలు బీరు సీసాకు 8 సెంట్లు, పైన తీగ బిగింపు మూత ఉన్నదానికి 15. సీసాలు 20, పెట్టె ఒకటి కలిపితే 3 యూరోల 10 సెంట్లు తిరిగొస్తాయి. గట్టి గాజు సీసాను కడిగి, నింపి, 50 సార్ల దాకా వాడతారు. ఈసారి ఒక సీసాను వెలుతురుకు పట్టి చూడు, పక్కన తెల్లగా అరిగిన పట్టీ కనిపిస్తుంది. పెట్టెల్లో ఒరుసుకుని ఒరుసుకుని పడిన గీతలవి. పట్టీ ఎంత మందమైతే సీసా అన్ని ఇళ్లు తిరిగొచ్చిందన్నమాట. మన గోలీసోడా సీసాలకూ మెడ దగ్గర అలాగే ఉండేది. నాకు ఆ పట్టీ అంటే ఎందుకో ఇష్టం.

అయితే అరలీటరు సీసా ఖాళీదే దాదాపు 380 గ్రాములు తూగుతుంది. డబ్బా 20 గ్రాములు కూడా ఉండదు. బీరు పక్క ఊరిదైతే సీసా న్యాయం. వందల కిలోమీటర్లు లారీలో రావాలంటే ఆ గాజునంతా మోసుకొచ్చి, మళ్లీ ఖాళీగా మోసుకెళ్లడంలో అర్థం లేదు. వాడిన అల్యూమినియాన్ని కరిగించడానికి ఖనిజం నుంచి కొత్తది తీసేందుకు పట్టే శక్తిలో 5 శాతం దాకా చాలు, కానీ అది వెనక్కి వస్తేనే. అందుకే నా పద్ధతి ఇది: ఇంట్లోకి ఊరి బీరు, పెట్టెతో, సీసాల్లో. కొండ ఎక్కుతున్నప్పుడు సంచిలో డబ్బా. తాగాక దాన్ని అరచేతిలో నలిపి వీరత్వం చూపించకు, మీద గుర్తు చదవలేకపోతే డిపాజిట్ తిరిగిచ్చే యంత్రం దాన్ని తీసుకోదు. దారిలో వదిలేయాల్సి వస్తే చెత్తకుండీ లోపల వేయకుండా పక్కన పెట్టు. వాటిని ఏరుకుని నాలుగు డబ్బులు చూసుకునేవాళ్లు ఉంటారు, వాళ్లు కుండీలో చేయి పెట్టనక్కర్లేదు.

ఇక ఆ కుర్రాడు నీకు 1516 నాటి బీరు శుద్ధి చట్టం గురించి చెప్పే ఉంటాడు, చెప్పకపోతే ఈ వారంలో చెబుతాడు. ఇంగోల్‌స్టాట్‌లో బవేరియా, అంటే మీ మ్యూనిక్ ఉన్న ప్రాంతపు, డ్యూకులు ప్రకటించారు: బార్లీ, హాప్స్, నీళ్లు, అంతే. వినయంగా తలూపి, మరి గోధుమ బీరు సంగతేమిటని అడుగు. గోధుమ బీరు కాసే హక్కును పాలకులు చాలాకాలం తమ వంశానికే అట్టిపెట్టుకున్నారు. 1872లో గేయార్గ్ ష్నైడర్ అనే ఆయనకు అది దక్కింది. రాజుకు లాభమైతే చట్టానికి సందు దొరుకుతుంది, మనకు తెలియనిదా!

గోధుమ బీరును, అంటే వైస్‌బియర్‌ను, పొడుగు గ్లాసును వంచి నెమ్మదిగా పోయాలి. అడుగున కొంచెం ఉంచి, సీసాను గుండ్రంగా తిప్పి, ఆ ఈస్ట్ మడ్డినీ పోసేయాలి. అరటిపండు, లవంగం వాసనలను బీరు పులిసేటప్పుడు పుట్టించేది ఆ ఈస్టే.

నీ తగువులో సీసా, డబ్బా రెండూ ఓడిపోయే చోటు ఒకటుంది. అది పీపా. బామ్‌బెర్గ్‌లో ష్లెంకర్లా అనే పాత సత్రంలో చెక్కపీపాకు కుళాయి బిగించి నేరుగా గ్లాసులోకి వంచుతారు. బీచ్ కట్టెల పొగలో ఆరబెట్టిన మాల్ట్‌తో, అంటే మొలకెత్తించిన బార్లీతో, చేసిన బీరు అది, మొదటి గుక్కలో పొయ్యి ఊదినంత పొగ. మూడో గ్లాసుకు గానీ నచ్చదని అక్కడివాళ్లే చెబుతారు. నాకు రెండోసారి వెళ్లినప్పుడు నచ్చింది. కొలోన్‌కు వెళితే ఆ ఊరి బీరు కోల్ష్‌ను 200 మిల్లీలీటర్ల సన్నని గ్లాసుల్లో ఇస్తారు. ఖాళీ కాగానే అడగకుండా ఇంకోటి పెట్టి, గ్లాసు కింది అట్టబిళ్ల మీద గీత గీస్తారు. చాలనుకుంటే ఆ బిళ్లను గ్లాసు మీద మూతగా పెట్టు. ఇది తెలియక నేను మొదటిసారి మొహమాటంతో తొమ్మిది తాగాను. పక్కనే ఉన్న డ్యూసెల్‌డోర్ఫ్‌లో మాత్రం కోల్ష్ పేరెత్తకు. వాళ్లది ఆల్ట్, రాగిరంగు బీరు. ఆ రెండు ఊళ్లూ మాటకు మాట అప్పగించుకోవడం మన పొరుగూళ్ల వైరంలాగే ఉంటుంది.

మ్యూనిక్‌లో ఉన్నావు కాబట్టి బీరు తోటలకు తప్పక వెళ్లు. పూర్వం వేసవిలో బీరు కాయడం నిషేధం. చలికాలపు బీరును భూగర్భ గదుల్లో దాచి, పైన నీడకు చెస్ట్‌నట్ చెట్లు నాటేవారు. ఆ నీడలో బల్లలు వేసి అమ్మడం మొదలైతే హోటళ్లవాళ్లు గోల పెట్టారు. 1812లో బవేరియా రాజు బీరు అమ్ముకోవచ్చు, రొట్టె తప్ప వేరే తిండి అమ్మకూడదని తీర్పు చెప్పాడు. జనం తిండి ఇంటినుంచి తెచ్చుకోసాగారు. ఇప్పటికీ గుడ్డ పరవని బల్ల దగ్గర నీ తిండి క్యారియర్ విప్పుకుని తినవచ్చు, పానీయం మాత్రం అక్కడే కొనాలి. మీ అత్తయ్య ప్రతి వేసవిలో పులిహోర, జంతికలు కట్టిస్తుంది. హెల్లెస్‌కు చింతపండు పులుపు ఎంత బాగా కుదురుతుందో చెబితే నమ్మవు. పక్క బల్లమీది ముసలాయన ఒకసారి జంతికలన్నీ ఖాళీ చేసి, తన ముల్లంగిని నాకిచ్చాడు.

తాగిన రోజు సైకిలు కూడా తొక్కకు, రైలెక్కు. తాగాలని లేని రోజు మద్యం లేని వైస్‌బియర్ అడుగు, ఇక్కడ దాన్ని ఎవరూ తక్కువగా చూడరు.

వచ్చే నెల రెండో శనివారం ఖాళీ చేసుకుని న్యూరెంబర్గ్ రా. ఆ కుర్రాడినీ వెంటబెట్టుకుని వస్తే ముగ్గురం బామ్‌బెర్గ్ వెళదాం, టికెట్లు నావి. నీ మంచం కింద పోగుపడిన డబ్బాలు, నలపనివి మాత్రమే, సంచిలో వేసుకురా. మా వీధి చివర యంత్రంలో వేసి మధ్యాహ్నం కాఫీ ఆ డబ్బులతో తాగుదాం.

ఇట్లు,
మీ మామయ్య