స్థానిక చెట్లు నాటితే నీళ్లు, ఎరువులు అక్కర్లేదా?

సగమే నిజం. స్థానిక మొక్క అన్నంత మాత్రాన అది ఎక్కడ పెట్టినా బతుకుతుందని కాదు. వాగు ఒడ్డున పెరిగే చెట్టును ఎండిన గట్టు నేలలో పెడితే అది స్థానికమైనా వాడిపోతుంది. కాబట్టి మీ నేల, ఎండ, నీరు నిలిచే తీరు ముందు చూసి, అలాంటి చోట సహజంగా పెరిగే చెట్టునే ఎంచుకోండి. వేళ్లు నిలదొక్కుకునే దాకా, అంటే మొదటి రెండేళ్లు, నీళ్లు పోయాల్సిందే. ఎరువు మాత్రం సాధారణంగా అవసరం పడదు.

నా దృష్టిలో అసలు లాభం నీటి పొదుపు కన్నా పెద్దది. ఆకులు తినే గొంగళి పురుగుల్లో చాలావాటికి కొన్ని రకాల మొక్కలే తిండి. అమెరికా తూర్పు ప్రాంతంలో ఓక్ జాతి చెట్ల మీద 500కు పైగా రకాల సీతాకోకచిలుకలు, చిమ్మటల గొంగళ్లు పెరుగుతాయి. అక్కడే నాటిన చైనా చెట్టు గింకో మీద దాదాపు ఏమీ ఉండవు. కరోలినా చికడీ అనే చిన్న పిట్ట తన ఒక్క విడత పిల్లల్ని పెంచడానికి 6,000 నుంచి 9,000 గొంగళ్లు తేవాలి. అందుకే ఆకులకు చిల్లులు కనబడితే దయచేసి మందు కొట్టకండి.

చిన్న మొక్కే కొనండి, త్వరగా కుదురుకుంటుంది. గుంత వేళ్ల ముద్దకు రెండు మూడింతల వెడల్పు ఉండాలి, లోతు మాత్రం ముద్దంతే. మొదలు చుట్టూ ఎండుటాకులు పరచండి, కాండానికి తగలకుండా. చెట్ల కింద పొదలు కూడా పెట్టండి, చాలా రకాల చిన్న పిట్టలు వాటిలో గూళ్లు కడతాయి.