‘కలిపేశాను’ అంటే సరిపోదు

అమ్మాయ్,

నువ్వు పంపిన బొంత వ్యాసం అందింది. నాలుగో పేజీలో ఒక వాక్యం దగ్గర ఆగిపోయి ఈ ఉత్తరం మొదలుపెట్టాను. ‘ఇరవై బ్లాకులూ (విడివిడిగా కుట్టుకున్న చదరపు ముక్కలు) అయ్యాక అన్నిటినీ కలిపేశాను’ అని రాశావు. అంతే. తర్వాతి పేరాకి బొంత మంచం మీద పరిచి ఉంది. అక్కణ్ణుంచి మనిషి బతుకు కూడా రంగురంగుల పీలికల బొంతే అంటూ పేజీన్నర.

ఎలా కలిపావమ్మా?

నాకు కోపం వచ్చింది, దాచుకోను. మామూలు బొంతకైతే ఆ వాక్యంతో సరిపెట్టుకోవచ్చు. ముందు పై గుడ్డంతా జోడించుకుని, తర్వాత దూది పొర, అస్తరు కింద పరిచి, మూడిటినీ కలిపి కుడతారు. నువ్వు పట్టుకున్నది క్విల్ట్ యాజ్ యూ గో పద్ధతి. ఇందులో ఒక్కో బ్లాకుకీ ఆ మూడు పొరలూ ముందే కుట్టయిపోయి ఉంటాయి. పెద్ద బొంతని ఇంటి మిషన్‌లో ఇరికించి తిప్పలేకే కదా ఎవరైనా ఈ దారికొచ్చేది! అక్కడ తప్పిన కష్టం అతుకుల దగ్గర ఎదురవుతుంది. రెండు బ్లాకుల్ని అంచుకి అంచు పెట్టి కుట్టేస్తే ఆరు పొరలూ ఒకచోట చేరి గట్టులా లేస్తాయి, వెనకవైపు పోగులు లేచే అంచులు బయటపడతాయి.

అందుకే అతుకుల్ని కప్పుతూ గుడ్డ పట్టీలు వేస్తారు. ఫొటోలో పట్టీలు కనిపిస్తున్నాయి కాబట్టి ఆ పని నువ్వు చేసే ఉంటావు. మరి వాటి ఊసే ఎందుకు లేదు? ముందువైపు పట్టీ 1⅛ అంగుళం అనుకో. ఒక అంచు మొదటి బ్లాకుకి, రెండో అంచు రెండో బ్లాకుకి, చెరో పావు అంగుళం లోపల కుడతాం. అర అంగుళం కుట్టుల్లోకి పోగా ⅝ పైకి కనిపిస్తుంది. దాని కింద రెండు బ్లాకుల అంచులూ పావూ పావూ వచ్చి పక్కపక్కన ఆనుకుంటాయి. మిగిలిన ఆ ⅛ పొరల మందానికి సరి. పట్టీ ఇంకా సన్నగా కోస్తే దూది అంచులు ఒకదాని మీదికొకటి ఎక్కుతాయి. వెడల్పు ఎక్కువైతే మధ్యలో దూది లేని బోలు మిగులుతుంది. వెనక పట్టీ 1¾ అంగుళం తీసుకుని, పొడవునా సగానికి మడిచి, మొదటి కుట్టులోనే వెనకవైపున కలిపేసుకోవాలి. చివర్లో దాని మడత అంచు ఇటు తిరిగి రెండో కుట్టుని కప్పుతుంది. అక్కడ చేతికుట్టు. ఈ లెక్క చదివితే నాకు బతుకు గురించి ఎవరూ ఏమీ చెప్పక్కర్లేదు.

చెయ్యి ఎక్కడ తడబడిందో అక్కడే రాయాలి. ఈ మాట ఎన్నాళ్ల నుంచో అంటున్నాను, పట్టించుకున్నవాళ్లు తక్కువ. నేను కొత్తగా రాసే రోజుల్లో ఒక పత్రికలో కుట్టుపని శీర్షిక ఇచ్చారు. అక్కడి సంపాదకుడు కొలతలన్నీ కొట్టేసేవాడు. ‘లెక్కలు బోరండీ, కాస్త ఫీల్ పెంచండి’ అనేవాడు. అలా అచ్చయిన వ్యాసం చూసి ఒకావిడ గుడ్డంతా కత్తిరించుకుని, పట్టీ వెడల్పెంతో తెలీక ఉత్తరం రాసింది. ఆవిడకి కొలతలన్నీ చేత్తో రాసి పంపింది నేను, ఆయన కాదు. ఆ బాధ నాకింకా పోలేదు. ఇప్పుడా ఫ్యాషన్ మరీ ముదిరింది. తోట గురించి రాసినా, వంట గురించి రాసినా చివర జీవితసత్యం ఒకటి తగిలించకపోతే వెనక్కి పంపుతున్నారు. పంపితే పంపనీ.

ఇంకొకటి. ఇరవై బ్లాకులూ 12 అంగుళాలకి వెంట్రుకవాసి తేడా లేకుండా వచ్చాయని రాశావు. దూదీ, అస్తరూ కూడా 12 అంగుళాలకే కోశానన్నావు. అది జరగదు. కుట్టేకొద్దీ బ్లాకు లోపలికి లాక్కుంటుంది. అందుకే 12 కావాలంటే 13 కోసుకుని, కుట్టు పూర్తయ్యాక నాలుగు పక్కలా సమంగా కత్తిరిస్తారు. కురచైన బ్లాకులు నీకూ వచ్చి ఉంటాయి. వాటిని దాచేశావు. చదివేవాళ్లకి తమ బ్లాకు కురచైనప్పుడు తోడు ఎవరు? ప్రతి పీలికా దూది పొర మీద కుట్టి తిప్పగానే ఇస్త్రీ చేశానన్నావు, బాగానే ఉంది. ఏ దూది వాడావో చెప్పలేదు. పాలిస్టర్ పొర మీద వేడి ఇస్త్రీ పెడితే కరుగుతుంది. నీ మాట నమ్మి ఎవరో ఒకరు పెడతారు.

పాత గౌను అంచు విప్పితే మడత లోపల రంగు ఇంకా కొత్తగానే ఉందని, పాత సూది రంధ్రాలు ఎంత ఇస్త్రీ చేసినా పోలేదని రాశావు చూడు, అది నాకు చాలా నచ్చింది. అలాంటి వాక్యం రాయగలిగిన మనిషివి ఆ పేజీన్నర ఎందుకు రాశావో అర్థం కాలేదు.



నాలుగో పేజీ తీసేసి మళ్ళీ రాయి. ముందు వరసలు కుట్టుకుని, తర్వాత వరసకీ వరసకీ మధ్య పొడుగు పట్టీ వేసి ఉంటావు. ఆ పొడుగు పట్టీ చిన్న పట్టీల్ని దాటే చోట్ల మిషన్ నెమ్మదించిందా, సూది విరిగిందా, చేత్తో చక్రం తిప్పావా? అదంతా రాయి. కొలతలు అంగుళాల్లో ఉండాలి. ఎంత పొడుగైనా ఫర్వాలేదు, ఫొటోలు అక్కర్లేదు. నెలాఖరులోపు పంపు.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ లాంటిదాన్ని