ఆ రెండు కొండలు అసలు అలాగే ఉంటాయా?

ప్రశ్న: ‘చ్వే, హ్వా కొండల మీద శరదృతువు రంగులు’ అనే పాత చైనా చిత్రాన్ని ఫోన్‌లో పెద్దది చేసి చూశాను. చెట్లు ఇళ్లను మించిపోయాయి, కొండలేమో చిన్నపిల్లలు గీసినట్టున్నాయి, ఎక్కడ చూసినా ఎర్ర ముద్రలే. దీన్ని అంత గొప్పదని ఎందుకంటారు?

జవాబు: కొలతలు కుదరని మాట నిజమే. వేసిన జావో మెంగ్‌ఫుకి చేతకాక మాత్రం కాదు, తన ముందు తరం ఆస్థాన చిత్రకారుల నునుపుతనం నచ్చక కావాలనే ఇంకా పాతకాలపు పద్ధతి పట్టుకున్నాడు. కథ తెలిస్తే బొమ్మ వేరేగా కనిపిస్తుంది. అతని స్నేహితుడు జో మీ పూర్వీకులది ఉత్తరాన జినాన్ ప్రాంతం. 12వ శతాబ్దంలో ఉత్తర చైనా జుర్చెన్లనే ఉత్తరాది తెగవాళ్ల చేతికి పోయాక ఆ కుటుంబం దక్షిణానికి వచ్చేసింది, జో మీ అక్కడే పుట్టి పెరిగాడు, తాతలనాటి ఊరు చూసే యోగం లేకపోయింది. జినాన్‌లో ఉద్యోగం చేసొచ్చిన జావో అక్కడి కొండల సంగతులు చెప్పి, 1296 ప్రాంతంలో ఇది వేసిచ్చాడు. ఆ ముక్క చిత్రం మీదే రాశాడు కూడా. అంటే ఇది చూడని ఊరు చూపించడానికి వేసింది, అందుకే గుర్తుండిపోయే రెండు ఆకారాలు చాలనుకున్నాడు: కుడివైపు బల్లెం మొనలా హ్వా, ఎడమవైపు గుండ్రంగా చ్వే. మధ్యలో చిత్తడి నేల, రెల్లు, పడవల్లో జాలర్లు, ఎర్రబడుతున్న ఆకులు, ఓ పక్క గుడిసెల దగ్గర మేకలు. నన్నడిగితే కొండలకన్నా ఆ చిత్తడి నేలే బాగుంటుంది, పొడి కుంచెతో అడ్డంగా లాగిన గీతల్లోనే నీరూ నేలా రెండూ తెలిసిపోతాయి.

ముద్రల సంగతంటారా, తర్వాత చేతులు మారిన ప్రతిసారీ దక్కించుకున్నవాళ్లు ఓ ముద్ర కొట్టారు, అందులో చియెన్‌లాంగ్ చక్రవర్తిది మరీ చాదస్తం. 1748లో జినాన్ వెళ్లినప్పుడు కొండలతో పోల్చి చూడాలని ఈ చిత్రాన్ని బీజింగ్ నుంచి తెప్పించుకున్నాడు! చ్వే కొండ హ్వాకి తూర్పున ఉందని జావో రాశాడు, ఉన్నది పడమరన. చక్రవర్తి అది పట్టేశాడు. తమాషా ఏంటంటే, రాత తప్పినా బొమ్మలో కొండలు ఉండాల్సిన చోటే ఉన్నాయి.

ఇప్పుడు అక్కడికెళ్లినా ఆ దృశ్యం దొరకదు, 1855లో దారి మార్చుకున్న పసుపు నది ఆ రెండు కొండల మధ్య నుంచే పారుతోంది. చిత్రం తైపేలోని నేషనల్ ప్యాలెస్ మ్యూజియంలో ఉంది. ఎత్తు 28 సెంటీమీటర్లకు కాస్త ఎక్కువ, బల్ల మీద చుట్ట విప్పుకుంటూ చూసే రకం. ఈసారి కుడి చివర నుంచి మొదలెట్టి మెల్లగా ఎడమకు జరుపుతూ చూడండి.